మోటారు మీద ఫిర్యాదు, రెసిస్టర్‌లో లోపం: ఒక లైన్ ఫాలోయర్ రోబో కేస్ స్టడీ

నేపథ్యం

డిప్లొమా రెండో ఏడాది విద్యార్థుల జట్టు ఒకటి, కాలేజీ టెక్ ఫెస్ట్ కోసం లైన్ ఫాలోయర్ రోబో తయారు చేసింది. తెల్లటి ఫ్లెక్స్ మీద నల్లటి గీత, దాన్ని పట్టుకుని రోబో వెళ్లాలి. వాడిన సామాను మన దగ్గర ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరికేదే: ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు), ఎల్293డి మోటారు డ్రైవర్ ఐసీ, పసుపు రంగు బీఓ మోటార్లు (గేర్లున్న చిన్న డీసీ మోటార్లు) రెండు, ముందు ఒక క్యాస్టర్ చక్రం, 9 వోల్టుల చదరపు బ్యాటరీ. సెన్సర్ పట్టీ మాత్రం రెడీమేడ్ కొనకుండా సొంతంగా డాట్ బోర్డు మీద టంకం వేసి చేసుకున్నారు. అందులో ఐదు టీసీఆర్‌టీ5000 సెన్సర్లున్నాయి. ఇందులోని ఎల్‌ఈడీ వెలుగు నేలను తాకి వెనక్కి వస్తే, పక్కనున్న ఫోటో ట్రాన్సిస్టర్ దాన్ని పసిగడుతుంది. ఒక్కోదానికి ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ వైపు 220 ఓమ్‌ల రెసిస్టర్, ఫోటో ట్రాన్సిస్టర్ వైపు 5 వోల్టులకు 10 కిలో ఓమ్‌ల పుల్ అప్ రెసిస్టర్ (లైనును 5 వోల్టుల వైపు లాగి పట్టేది).

సర్క్యూట్ బొమ్మలో తప్పు లేదు. లైబ్రరీ పుస్తకంలో గీసినట్టే ఉంది. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. బొమ్మ సరిగా ఉండి, ప్రోగ్రాం సరిగా ఉండి, రోబో నడవకపోతే ఎక్కడి నుంచి వెతకాలి అన్నది ఇందులో బాగా కనిపిస్తుంది.

ఫిర్యాదు

"సార్, బెంచీ మీద చక్రాలు బాగానే తిరుగుతున్నాయి. ట్రాక్ మీద పెడితే ఎడమకే లాగుతోంది. మలుపులో ఆగిపోతోంది. ఒక్కోసారి ఉన్నట్టుండి ముందుకు దూకుతోంది." జట్టు చెప్పిన మాటలివి. కుడి మోటారు వేగంగా తిరుగుతోంది కాబట్టే రోబో ఎడమకు పోతోందని వాళ్లు తేల్చుకున్నారు.

నిజానికి ఇక్కడ ఉన్నవి మూడు వేర్వేరు లక్షణాలు. ఎడమకు లాగడం ఎప్పుడూ ఉంది. మలుపులో ఆగడం మోటారు మీద బరువు పడ్డప్పుడే వస్తోంది. ముందుకు దూకడానికి వేళాపాళా లేదు. ఈ మూడింటికీ ఒకే కారణం ఉండాలని లేదు. ఈ విభజన ముందే జరిగి ఉంటే తర్వాత చేసిన మార్పుల్లో సగం అవసరమయ్యేవి కావు.

అప్పటికే చేసి చూసినవి

మొదటిది కొత్త బ్యాటరీ. కొత్తది పెట్టగానే రోబో కాసేపు మెరుగ్గా నడిచింది. దాంతో పాత బ్యాటరీ బాగా లేదని అనుకున్నారు. కొత్తదీ త్వరలోనే అదే దారి పట్టింది.

రెండోది కుడి మోటారును నెమ్మది చేయడానికి దాని వైరులో వరసగా 10 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ పెట్టడం. తిన్నటి గీత మీద లాగుడు తగ్గినట్టు అనిపించింది. రెండు మలుపులు తిరిగేసరికి రెసిస్టర్ నల్లబడి పొగ వచ్చింది.

మూడోది ఎల్293డి తీసేసి ఎల్298ఎన్ మాడ్యూల్ పెట్టడం. ఛానల్‌కు 2 ఆంపియర్లు ఇస్తుందని దాన్ని ఎంచుకున్నారు. రోబో ఇంకా నీరసపడింది. మళ్లీ పాతదే పెట్టారు.

నాలుగోది సప్లై మీద 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. దూకడం కొంత తగ్గింది, పోలేదు. ఇవన్నీ జరుగుతుండగా ప్రోగ్రాంలో నలుపు తెలుపుల హద్దు విలువను రోజుకోసారి మారుస్తూ వచ్చారు.

ఇవన్నీ ఎందుకు పని చేయలేదు

10 ఓమ్‌ల రెసిస్టర్ సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఈ పొరపాటు చాలా చోట్ల కనిపిస్తుంది. ఎల్‌ఈడీకి వరసగా రెసిస్టర్ పెడితే పని చేస్తుంది, ఎందుకంటే ఎల్‌ఈడీ మీద వోల్టేజీ దాదాపు మారదు, కాబట్టి కరెంటు కూడా స్థిరంగా ఉంటుంది. మోటారు కరెంటు అలా కాదు. చక్రం మీద ఎంత బరువు పడితే అంత కరెంటు లాగుతుంది.

ఈ మోటారు వైండింగ్ రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో కొలిస్తే 6 ఓమ్‌లు వచ్చింది. షాఫ్టును కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, వచ్చిన వాటిలో తక్కువది తీసుకోవాలి. బ్రష్‌లు కమ్యుటేటర్ మీద కూర్చున్న తీరును బట్టి రీడింగ్ మారుతుంది. డ్రైవర్‌లో పోయింది పోగా మోటారుకు 5.5 వోల్టులు అందుతున్నాయనుకుందాం. చక్రం తేలిగ్గా తిరిగేటప్పుడు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. అప్పుడు 10 ఓమ్‌ల మీద 1.5 వోల్టులు పడుతుంది, 0.225 వాట్లు వేడిగా పోతుంది. పావు వాట్ రెసిస్టర్‌కు ఇది అంచు మీద సరిపోతుంది, అందుకే బెంచీ మీద ఏమీ కాలేదు. మలుపులో చక్రం ఆగితే వెనక్కి వచ్చే ఈఎమ్‌ఎఫ్ (తిరిగే మోటారు తనంతట పుట్టించే ఎదురు వోల్టేజీ) ఉండదు. 5.5 వోల్టులు 16 ఓమ్‌ల మీద పడి 0.34 ఆంపియర్లు పారుతుంది. రెసిస్టర్‌లో 1.18 వాట్లు. అంటే దాని శక్తికి దాదాపు ఐదు రెట్లు. కాలిపోక తప్పదు.

కాలకపోయినా లాభం లేదు. మోటారు టార్క్ కరెంటును బట్టే ఉంటుంది. రెసిస్టర్ లేకపోతే ఆగిన చక్రానికి 0.92 ఆంపియర్లు అందేవి, ఇప్పుడు 0.34 మాత్రమే. బలం అవసరమైన క్షణంలోనే మోటారు బలం మూడో వంతుకు పడిపోతోంది. రెండు వాట్ల రెసిస్టర్ పెడితే కాలేది కాదు కానీ రోబో మలుపులో అలాగే ఆగేది.

ఎల్298ఎన్ కూడా ఇలాంటిదే. దాని రేటింగ్ ఎక్కువన్నది నిజం. కానీ అందులోవి బైపోలార్ ట్రాన్సిస్టర్లు. ఒక ఆంపియర్ దగ్గర పైదీ కిందిదీ కలిపి రెండు వోల్టుల పైనే మింగేస్తాయి. బ్యాటరీయే కుంగుతున్న చోట ఇలాంటి డ్రైవర్ మోటారుకు ఏమీ మిగల్చదు. ఎల్293డి లోపలా ఇదే పరిస్థితి. పైగా దాని నిరంతర రేటింగ్ ఛానల్‌కు 600 మిల్లీ ఆంపియర్లే, మన మోటారు ఆగితే 900 దాటుతోంది.

కెపాసిటర్ విషయంలో ఆలోచన సరైనదే, దానికి అప్పగించిన పని పెద్దది. 1000 మైక్రోఫారడ్ నుంచి ఒక ఆంపియర్ లాగితే మిల్లీ సెకనుకు ఒక వోల్టు పడిపోతుంది. మోటారు కదలడానికి పట్టే పదుల మిల్లీ సెకన్ల పాటు అది కాపాడలేదు.

కొలతల్లో తేలింది

ఇక మార్పులు ఆపి కొలవడం మొదలైంది. మోటారు వైర్లు విప్పేసి, సెన్సర్లు మాత్రమే ఉంచి, ఐదింటి రీడింగులు సీరియల్ మానిటర్‌లో (కంప్యూటర్ తెర మీద) చూశాం. ఇందులో 0 వోల్టులకు 0, 5 వోల్టులకు 1023 వస్తుంది. మోటార్లు ఉండగా సెన్సర్‌ను పరీక్షిస్తే ఏది దేనివల్ల వస్తోందో తెలియదు, అందుకని.

నాలుగు సెన్సర్లు తెలుపు మీద 60 నుంచి 90 మధ్య, నలుపు మీద 800 పైన చూపించాయి. ఎడమ చివరిది తెలుపు మీద 998, నలుపు మీద 1020. అంటే ఆ సెన్సర్ దృష్టిలో ప్రపంచమంతా నల్లగానే ఉంది. ప్రోగ్రాం ఐదు సెన్సర్లకు ఎడమ నుంచి కుడికి మైనస్ 2, మైనస్ 1, 0, 1, 2 అని బరువులిచ్చి గీత ఎక్కడుందో లెక్కిస్తోంది. ఎడమ చివర ఎప్పుడూ నలుపే కనబడితే, గీత ఎడమకు ఉందనుకుని కుడి చక్రాన్ని వేగంగా తిప్పుతుంది. మోటారు ఏ తప్పూ చేయలేదు, ప్రోగ్రాం చెప్పినట్టే తిరిగింది.

సెన్సర్ చెడిపోయిందని మార్చేయడం తేలిక. కానీ రీడింగును గమనిస్తే అది చచ్చిన సెన్సర్‌లా లేదు. తెలుపుకీ నలుపుకీ 22 అంకెల తేడా ఉంది. అంటే ఫోటో ట్రాన్సిస్టర్ వెలుగును పసిగడుతోంది, ఆ తేడా వోల్టేజీగా మారడం లేదు. తెలుపు మీద ఫోటో ట్రాన్సిస్టర్‌లో సుమారు ఒక మిల్లీ ఆంపియర్ పారుతుందనుకుంటే, 10 కిలో ఓమ్‌ల మీద పూర్తి 5 వోల్టులు పడిపోవాలి. ఇక్కడ పడింది 0.12 వోల్టులు. ఓమ్ సూత్రం తిరగేస్తే పుల్ అప్ విలువ 120 ఓమ్‌లని వస్తోంది. ఒక కాలు టంకం విప్పి కొలిస్తే మీటర్ చూపించింది కూడా 120 దరిదాపుల్లోనే. బోర్డులో ఉండగా కొలిస్తే పక్కనున్నవన్నీ సమాంతరంగా కలిసి తప్పు విలువ వస్తుంది. ఒక కాలైనా విప్పాలి.

ఈ రెసిస్టర్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే పొరపాటు ఎలా జరిగిందో అర్థమైంది. నీలం ఒంటి మెటల్ ఫిల్మ్ రెసిస్టర్, ఐదు పట్టీలు. 10 కిలో ఓమ్‌లకు గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. 120 ఓమ్‌లకు గోధుమ, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ. ఒకదాన్ని తిరగేసి చదివితే రెండోది వస్తుంది. ఒక శాతం టాలరెన్స్ పట్టీ కూడా గోధుమే కావడంతో ఏది మొదలో ఏది చివరో రంగును బట్టి తెలియదు. టాలరెన్స్ పట్టీకి ముందు కాస్త ఎడం ఉండాలి గానీ చౌకరకం వాటిలో ఆ ఎడం కంటికి ఆనదు. షాపులో రెండు రకాలూ ఒకే కవర్లో కలిసిపోయాయి. ఐదు పట్టీల రెసిస్టర్లు వాడేవాళ్లకు నా గట్టి సూచన: టంకం వేసే ముందు ప్రతి ఒక్కటీ మీటర్‌తో కొలవండి. రంగులు చదవడం నేర్చుకోవాల్సిందే, కానీ కొలతకు అది బదులు కాదు.

రెసిస్టర్ మార్చగానే ఎడమ లాగుడు దాదాపు పోయింది. కొంచెం మిగిలింది.

మిగిలిన దానికి కారణం పిన్నుల దగ్గర దొరికింది. ఎడమ మోటారు పీడబ్ల్యూఎం (వోల్టేజీని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ మోటారు వేగాన్ని మార్చే సంకేతం) 9వ పిన్నుకు, కుడిది 5వ పిన్నుకు ఇచ్చారు. ఊనోలో 5, 6 పిన్నుల మీద పీడబ్ల్యూఎం సుమారు 980 హెర్ట్జ్, 3, 9, 10, 11 మీద 490 హెర్ట్జ్. ప్రోగ్రాంలో రెండింటికీ ఒకే అంకె ఇచ్చినా, ఫ్రీక్వెన్సీ మారితే ఇలాంటి చిన్న మోటారు, ముఖ్యంగా తక్కువ వేగంలో, ఒకేలా తిరగదు. రెండింటినీ 9, 10 పిన్నులకు మార్చాం. ఇంకా మిగిలిన చిన్న తేడా గేర్‌బాక్స్‌లది. దాన్ని ప్రోగ్రాంలోనే సరిచేశాం: ఎడమకు 140 ఇస్తే కుడికి 134. పది ఓమ్‌ల రెసిస్టర్‌తో చేయాలనుకున్న పని ఇదే. పీడబ్ల్యూఎం పూర్తి వోల్టేజీని ముక్కలుగా ఇస్తుంది కాబట్టి, బరువు పడ్డప్పుడు మోటారుకు కరెంటు అందకుండా మధ్యలో అడ్డుపడదు.

రీసెట్ సంగతి

ముందుకు దూకడానికి బోర్డు రీసెట్ (ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి మొదలవడం) కారణమని అనుమానం. దాన్ని నిర్ధారించడానికి ఒక ఎల్‌ఈడీని 330 ఓమ్‌లతో 7వ పిన్నుకు పెట్టి, ప్రోగ్రాం మొదలవగానే రెండు సెకన్లు వెలిగేలా చేశాం. 13వ పిన్ను ఎల్‌ఈడీ దీనికి పనికిరాదు, బూట్‌లోడర్ (బోర్డులో ముందే ఉండి మొదట నడిచే చిన్న ప్రోగ్రాం) కూడా దాన్నే ఆడిస్తుంది. రోబో పరుగులో ఉండగా ఆ ఎల్‌ఈడీ వెలిగితే రీసెట్ అయినట్టే. మలుపుల్లో వెలిగింది.

బ్యాటరీ దగ్గర కొలిస్తే మోటార్లు ఆగి ఉన్నప్పుడు 9.1 వోల్టులు, గాలిలో తిరిగేటప్పుడు 7.6, రెండు చక్రాలనూ చేత్తో ఒక్క క్షణం పట్టి ఆపితే 5.4. అందులో బోర్డు ఇన్‌పుట్ డయోడ్ 0.7, రెగ్యులేటర్ ఒక వోల్టు తినేస్తే 5 వోల్టుల లైనుకు మిగిలేది 3.7. ఊనో బోర్డులోని అసలు చిప్ ఏటీమెగా328పీ 16 మెగాహెర్ట్జ్‌లో నమ్మకంగా నడవాలంటే సుమారు 3.8 వోల్టులు కావాలి. మీటర్ చూపించేది సగటు, అసలు కుంగుడు ఇంకా లోతుగా ఉంటుంది. 9 వోల్టుల చదరపు బ్యాటరీ రిమోట్లకూ మల్టీమీటర్లకూ చేసింది. లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ కావడంతో మోటార్లకు అది ఎప్పుడూ తగదు. కొత్తదైతే ఆ జబ్బు కాసేపు కనబడకుండా ఉంటుంది, అంతే.

రీసెట్ అయ్యే క్షణంలో ఆర్డుయినో పిన్నులన్నీ ఇన్‌పుట్‌లుగా తేలిపోతాయి. మోటారును ఆన్ చేసే డ్రైవర్ ఎనేబుల్ పిన్ను అప్పుడు ఎటు పోతుందో చెప్పలేం. దూకడం అక్కడి నుంచి వస్తోంది. ఎనేబుల్ నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్‌ల పుల్ డౌన్ పెడితే రీసెట్‌లో మోటార్లు నిశ్చింతగా ఆగి ఉంటాయి. ఇది రీసెట్‌కు మందు కాదు, రీసెట్ వల్ల జరిగే నష్టానికి అడ్డుకట్ట.

అసలు మందు సప్లై మార్చడమే. రెండు 18650 సెల్స్ వరసగా, ప్రొటెక్షన్ బోర్డుతో పెట్టాం. నిండుగా ఉంటే 8.4 వోల్టులు. డ్రైవర్‌గా టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ మాడ్యూల్. దాన్ని ఎంచుకోవడానికి కారణం రేటింగ్ ఒక్కటే కాదు. అందులో మాస్‌ఫెట్‌లు ఉండటంతో అర ఆంపియర్ దగ్గర పావు వోల్టు మేర మాత్రమే పోతుంది. నిరంతర రేటింగ్ 1.2 ఆంపియర్లు, క్షణికంగా 3.2. మన మోటారు ఆగినా లోపలే ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పాత డ్రైవర్ రెండు వోల్టులు మింగేది కాబట్టి మోటారుకు తక్కువే అందేది. ఇప్పుడు 8.4 దాదాపు పూర్తిగా వెళ్లిపోతుంది, మోటారు మాత్రం 6 వోల్టులది. 6ను 8.4తో భాగిస్తే 0.71, పీడబ్ల్యూఎం పూర్తి విలువ 255లో 182. అందుకని ప్రోగ్రాంలో పీడబ్ల్యూఎం గరిష్ఠ పరిమితి 180. కింది వైపు కూడా హద్దు ఉంది: 70 కంటే తగ్గితే ఈ మోటార్లు గుయ్‌మని మూలగడమే తప్ప కదలవు. కాబట్టి సున్నా లేదా 70 నుంచి 180, మధ్యలో ఇంకేదీ వద్దు.

ఆర్డుయినోకు వేరుగా ఎల్‌ఎమ్2596 బక్ మాడ్యూల్ (వోల్టేజీ తగ్గించే బోర్డు). కలిపే ముందే ప్రీసెట్ తిప్పి 5.0 వోల్టులకు కుదిర్చి, మీటర్‌తో రూఢి చేసుకుని, తర్వాతే 5 వోల్టుల పిన్నుకు ఇవ్వాలి. ఆ పిన్ను దగ్గర ఏ రక్షణా లేదు, మాడ్యూల్ 9 వోల్టులకు కుదిరి ఉంటే బోర్డు పోయినట్టే. యూఎస్‌బీ కేబుల్ పెట్టేటప్పుడు బక్ లైను తీసేయాలి. మోటారు టెర్మినల్స్ మీద, మోటారు దగ్గరే, 104 (అంటే 0.1 మైక్రోఫారడ్) సెరామిక్ కెపాసిటర్ ఒక్కోటి, డ్రైవర్ సప్లై మీద 470 మైక్రోఫారడ్. మోటారు గ్రౌండూ బోర్డు గ్రౌండూ బ్యాటరీ మైనస్ దగ్గర ఒకే చోట కలిశాయి. మోటారు కరెంటు సెన్సర్ గ్రౌండు వైరులోంచి పారకూడదు, పారితే రీడింగులు వణుకుతాయి.

సెన్సర్ రెసిస్టర్లు మళ్లీ ఎంచుకోవడం

రోబో ల్యాబులో చక్కగా నడిచింది. కిటికీ పక్కన ఎండ పడే చోట మళ్లీ తప్పింది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ బోలెడు, నలుపు కూడా తెలుపులా కనబడుతోంది. హద్దు విలువ రోజుకోసారి మార్చాల్సి రావడానికి మూలం ఇదే.

పరిష్కారం: ఎల్‌ఈడీలు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి చదివి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేయడం. మిగిలేది మన ఎల్‌ఈడీ వెలుగు మాత్రమే. ఇందుకు ఎల్‌ఈడీలను ఆర్డుయినో ఆర్పగలగాలి. 220 ఓమ్‌లతో ఒక్కో ఎల్‌ఈడీ 17 మిల్లీ ఆంపియర్లు, ఐదింటికి 86. ఏ పిన్నూ ఇంత ఇవ్వలేదు, పిన్నుకు 40 అన్నదే దాటకూడని గీత. మధ్యలో స్విచ్‌గా పెట్టే బీసీ547 ట్రాన్సిస్టర్ గరిష్ఠం 100, అంచు మరీ దగ్గర. అందుకని ఎల్‌ఈడీలను రెండేసి చొప్పున వరసగా కలిపాం. ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి జంటకు 2.4, ట్రాన్సిస్టర్‌కు 0.2 పోగా మిగిలిన 2.4 వోల్టులకు 150 ఓమ్‌లు పెడితే 16 మిల్లీ ఆంపియర్లు. రెండు జంటలు, 220తో ఒక ఒంటరి, మొత్తం 48. వెలుగు అంతే, కరెంటు దాదాపు సగం. బేస్ రెసిస్టర్‌కు ట్రాన్సిస్టర్ గెయిన్‌ను నమ్ముకోకుండా కలెక్టర్ కరెంటులో పదో వంతు ఇవ్వడం మంచిది. 4.8 కావాలి, 680 ఓమ్‌లతో 6.3 వస్తుంది. సరిపోతుంది.

పుల్ అప్‌లు 10 కిలో ఓమ్‌ల నుంచి 4.7కు తగ్గించాం. 10తో అర మిల్లీ ఆంపియర్‌కే ఫోటో ట్రాన్సిస్టర్ నిండిపోతుంది. ఎండకే అది నిండితే, మన ఎల్‌ఈడీ వెలిగినా ఆరినా రీడింగు మారదు, తీసివేతలో సున్నా వస్తుంది, తెలుపు నలుపుగా కనబడుతుంది. 4.7తో ఆ హద్దు ఒక మిల్లీ ఆంపియర్‌కు జరుగుతుంది. ఇంకా తగ్గిస్తే నలుపు తెలుపుల తేడా చిన్నదవుతుంది, కాబట్టి అక్కడ ఆపాం. నేరుగా ఎండ పడితే ఇదీ చాలదు. సెన్సర్ పట్టీ చుట్టూ నల్ల అట్టముక్క అంచుగా కట్టాం. పట్టీ ఎత్తు 15 మిల్లీమీటర్ల నుంచి 5కు దించాం. టీసీఆర్‌టీ5000 బాగా పని చేసేది రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర, కానీ ఫ్లెక్స్ ముడతలకు తగలకుండా కొంత ఎడం ఉండాలి.

ఎల్‌ఈడీ వెలిగించాక 500 మైక్రో సెకన్లు ఆగి చదవాలి. పుల్ అప్ విలువ పెద్దదైనకొద్దీ ఫోటో ట్రాన్సిస్టర్ తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఒక అనలాగ్ రీడింగుకు సుమారు 110 మైక్రో సెకన్లు. పది రీడింగులూ, ఆగే సమయమూ కలిపి రెండు మిల్లీ సెకన్ల పైచిలుకు. ఈ వేగంలో వెళ్లే రోబోకు అది చాలు.

ఈ కేసులో గుర్తుంచుకోదగ్గవి

సెన్సర్ వైపు రెసిస్టర్ తప్పు మోటారు లోపంలా కనిపించింది, దాన్ని సరిచేయబోయి మోటారు వైపు ఇంకో తప్పు రెసిస్టర్ వచ్చి చేరింది, అది కాలి డ్రైవర్ మీదికి అనుమానం మళ్లింది. గొలుసులో మొదటి లంకె 120 ఓమ్‌లు. మోటార్లు విప్పి సెన్సర్లు విడిగా, సెన్సర్లు లేకుండా మోటార్లు విడిగా చూసి ఉంటే మొదటి పూటే దొరికేది.

రెసిస్టర్ విలువ ఎంచుకునే ముందు అందులోంచి పారే కరెంటు స్థిరంగా ఉంటుందా అని అడగాలి. ఎల్‌ఈడీ, బేస్ లాంటి చోట్ల జవాబు అవును, రెసిస్టర్ అక్కడ తగినది. సెన్సర్ పుల్ అప్‌లో కరెంటు వెలుగును బట్టి మారాలి, ఆ మార్పును వోల్టేజీగా చూపించడమే దాని పని. మోటారు దారిలో జవాబు కాదు.

చివరిగా చేర్చింది బ్యాటరీ కాపలా. స్విచ్ తర్వాత, బ్యాటరీకి రెండు 10 కిలో ఓమ్‌లతో డివైడర్ పెట్టి మధ్యబిందువును ఐదు సెన్సర్లు పోగా మిగిలిన ఏ5 పిన్నుకు ఇచ్చాం. సెల్‌కు 3.3 వోల్టులు హద్దు, అంటే రీడింగు 675. ఒక్కసారి దిగితే కాదు, మలుపులో మోటారు లాగినా అలా దిగుతుంది. రెండు సెకన్లు వరుసగా దిగువన ఉంటేనే మోటార్లు ఆగాలి. అనలాగ్ రీడింగుకు కొలబద్ద 5 వోల్టుల లైనే కాబట్టి బక్ మాడ్యూల్ కుంగితే బ్యాటరీ రీడింగు ఎక్కువగా కనబడి మోసం చేస్తుంది. అందుకే హద్దును 6.6 దగ్గరే ఉంచాం. ఇంకా కిందికి వెళితే ఎల్‌ఎమ్2596 తన 5 వోల్టులను నిలబెట్టుకోలేదు.